బిస్కెట్లు విరగడంలో ఎవరి వాటా ఎంత

వాటాల మావయ్య ఎదుట "దీనివల్లే ఇలా అయింది" అనకూడదు. అన్నామా, "అందులో దాని వాటా ఎంత?" అని జిడ్డులా పట్టుకుంటాడు.

ఓసారి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. "మీరు మాటల్లో పెట్టడంవల్లే!" అంది అత్తయ్య.

"నా మాటల వాటా ఎంత? గిన్నె చిన్నదవడం వాటా ఎంత?"

"తుడవడంలో మాత్రం వాటా అంతా మీదే. గుడ్డ అందుకోండి."

మావయ్య గుడ్డ అందుకుని తుడిచాడు.

ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో గణాంకాలు చూస్తాడు. మేనకోడలు అక్కడే సాయంత్రం షిఫ్టు సూపర్‌వైజర్. ఈమధ్య ఆమె ఉద్యోగానికే ఎసరొచ్చింది. ఆమె షిఫ్టులోనే బిస్కెట్లు ఎక్కువ విరుగుతున్నాయని ఓవెన్లు చూసుకునే మేస్త్రీ మేనేజరు చెవిన వేశాడు.

మీటింగులో మేనేజరు కంప్యూటరు ఇటు తిప్పాడు. "విరగడం ఒక్కోరోజు ఒక్కోలా ఉంది. ఆ తేడాలో నూటికి డెబ్భై పాళ్లు షిఫ్టును బట్టే వస్తోంది. ఇంకేం కావాలి?"

మేనకోడలు బెదురుగా మావయ్య వైపు చూసింది. మావయ్య మాత్రం సాక్ష్యంగా పెట్టిన బిస్కెట్టు ముక్క నములుతూ, "లెక్కలో షిఫ్టు తీసేసి ఓవెన్ పెట్టి చూడండి" అన్నాడు.

చూశారు. మళ్లీ డెబ్భయ్యే!

"ఇదేం గారడీ అండీ?"

"ఉదయం వాళ్లకి ఎప్పుడూ కొత్త ఓవెన్, సాయంత్రం వాళ్లకి ఎప్పుడూ పాతది. రెండూ అతుక్కుపోయి ఉంటే వాటాలెలా పంచుతారు? కొన్నాళ్లు ఓవెన్లు మార్చండి."

మార్చారు. మేనకోడలికి భయం పోయి కుతూహలం పట్టుకుంది. ట్రే బయటికొస్తే చాలు, తొంగిచూసేది. ఆమె బిస్కెట్లు నిక్షేపంలా వచ్చాయి. ఉదయం వాళ్లవి పొడిపొడి. షిఫ్టునీ ఓవెన్‌నీ కలిపి లెక్క కడితే వాటా అంతా ఓవెనే పట్టుకుపోయింది. షిఫ్టుకు మిగిలింది చిటికెడు.

మేనేజరు గిరుక్కున మేస్త్రీవైపు తిరిగాడు. "అయితే నీవల్లేనన్నమాట!"

బాగా అయింది, అనుకుంది మేనకోడలు. మావయ్య మాత్రం కుర్చీ లాక్కుని మేస్త్రీ పక్కన చేరాడు. "ఆగండి. పాత ఓవెన్ తలుపు సరిగ్గా పడదు. అందులో ఈయన వాటా ఎంత, తలుపు వాటా ఎంత?"

"మావయ్యా, నామీద చెప్పింది ఆయనే!" అంది మేనకోడలు గుసగుసగా.

"తెలుసమ్మా. నిన్నన్నప్పుడు నాకు ముద్ద దిగలేదు. ఈయనింట్లోనూ మనుషులుంటారు కదా."

ఒక్కరి నెత్తినే అంతా రుద్దడం చూడలేక మావయ్య ఇన్నేళ్లుగా అందరి ప్రాణాలూ తీస్తున్నాడని ఆమెకు అప్పుడర్థమైంది. ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది. లేచి మేస్త్రీని ఓవెన్ దగ్గరికి తీసుకెళ్లింది.

"అమ్మా, చాడీ చెప్పింది నేనే" అన్నాడాయన తల దించుకుని.

"తెలుసులెండి. ముందీ తలుపు అటు పట్టుకోండి."