ఎండబెట్టిన కంది కుండీలు

నీళ్ళు అందని సంగతిని మొక్క కణాల లోపలికి చేరవేసే ప్రొటీన్లలో కైనేజ్‌లు ముఖ్యమైనవి. కందిలో వాటి జన్యువులను గుర్తించి, నీటి ఎద్దడిలో ఏది ఎక్కువ పనిచేస్తుందో చూడటం నా పరిశోధన. నాయన మంచాన పడ్డాక కుండీలను త్రిపురాంతకంలోని మా ఇంటికే తెచ్చుకున్నాను. సగం కుండీలకు నీళ్ళు పోయాలి, తక్కినవి ఎండాలి. ఎండాల్సినవాటికి ఎర్ర దారం కట్టాను.

తర్వాత ఇల్లూ కుండీలూ పిన్నికి అప్పగించి, నాయనను మార్కాపురం ఆసుపత్రిలో చేర్చి నేనూ అక్కడే ఉండిపోయాను. ఆయన పోయిన రోజునే, ముందే అనుకున్న తేదీ కావడంతో, ల్యాబ్ నుంచి మనిషి వచ్చి రెండు రకాల ఆకులూ కోసుకుపోయాడు. శవం వాకిట్లో ఉండగానే కోశాడని, ఆ ఏడుపుల్లో గమనించని నాకు తర్వాత తెలిసింది.

కర్మ అయ్యాక చూస్తే ఎర్ర దారం కుండీలూ పచ్చగానే ఉన్నాయి. పిన్నిని అడిగాను.

"నీళ్ళు పోసినాను. ఇంట్లో మనిషి అట్ల ఉంటే వాకిట్లో చెట్టును ఎండనిస్తారా అమ్మా?"

"వద్దని చెప్పినా కదా పిన్నీ. ఎప్పటినుంచి పోసినావు?"

"మీరు ఆస్పత్రికి పోయిన కాడి నుంచి. ఎండబెట్టను నీకు చెట్లే దొరికినాయా? వడియాలు పెట్టుకోరాదూ!"

ఆమె మీద కోపం రాలేదు. ప్రాణం మీదికొచ్చిన మనిషి ఉన్న ఇంట్లో మొక్క ఎండితే కీడని ఆమె నమ్మకం.

ల్యాబ్‌కు వెళ్ళేసరికి ఫలితం సిద్ధంగా ఉంది. ఎద్దడి ఆకులనుకున్నవాటిలో ఒక కైనేజ్ జన్యువు జోరు బాగా పెరిగిందట. ఎందుకు పెరిగిందో నాకు తెలియదు. ఎద్దడి వల్ల మాత్రం కాదు. మా గైడ్‌కు జరిగింది చెప్పాను.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. ఆవిడెవరో చెంబెడు నీళ్ళు పోస్తే ఏమవుతుందమ్మా? పేపర్ చివర మీ నాన్నగారి స్మృతికి అని వేద్దాం. బాగుంటుంది."

ఆయన ముఖంలో నిజంగానే జాలి ఉంది. ఆ మాటకంటే అదే ఎక్కువ రోత పుట్టించింది.

"నా పేరు తీసెయ్యండి. ఆయన పేరు కూడా వద్దు. నేను మళ్ళీ విత్తుకుంటాను."

"పీహెచ్‌డీ గడువు లోపల అవుతుందా? ఆలోచించుకో."

మళ్ళీ విత్తాను. ఆ కంది పూతకు రాకముందే పేపర్ వెలువడింది. నా పేరు తీసేశారు. నాయన పేరు ఉంచారు. ఆయన పేరు కింద, ఎంతో గౌరవంగా, రెండు వాక్యాలు కూడా రాశారు.

ఎర్ర దారం కుండీలకూ నీళ్ళు పోశారని, ఆ పేపర్ వేసిన పత్రిక సంపాదకుడికి రాసి పంపాను. గైడ్ నాతో మాట్లాడటం మానేశారు.