చప్పుడు లేని పంపు

మా ఆయన ఇల్లందు బొగ్గు గనిలో పంపు ఆపరేటర్. గని లోపల ఊరే నీళ్లను బయటికి తోడే పంపుల దగ్గర ఆయన డ్యూటీ. ఊపిరితిత్తులు పాడై ఇంటికి పంపించేశాక మంచం పట్టాడు, రోగంతో సగం, దిగులుతో సగం. తిట్టినా లేవడు, బతిమాలినా లేవడు. ముందు పెట్టిన అన్నం మీద ఈగలు ముసురుతుంటే చూస్తూ పడుకునే మనిషితో ఎట్లా వేగాలి చెప్పండి!

మట్టి పని, దుమ్ము పని వద్దని దవాఖానాలో గట్టిగా చెప్పారు. మట్టి లేకుండా నీళ్లలోనే ఆకుకూరలు పెంచడం మా చర్చిలో ఒకామె ఫోన్‌లో చూపించింది. ప్లాస్టిక్ గొట్టాలకు రంధ్రాలు చేసి మొక్కలు నిలబెట్టాలి. కింద తొట్టిలోంచి పంపు ఎరువు కలిపిన నీళ్లను పైకి తోస్తూ ఉండాలి. పంపు అన్న మాట చెవిన పడగానే ఆయన లేచి కూర్చున్నాడు. దేవుడా, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

"మొదటి పాలకూర కట్ట నేనే చర్చికి తీస్కపోత," అన్నాడు. మాలో ఏది పండినా మొదటిది దేవునికే. ఆరాధన అయ్యాక దాన్ని అక్కడే వేలం వేస్తారు. మనిషి మళ్లీ పదిమందిలోకి వస్తాడంటే నాకింకేం కావాలి?

టేపు పట్టుకుని డాబా మీద కొలతలు తీశాడు, తొట్టి నుంచి పై గొట్టం దాకా ఎత్తెంత, మధ్యలో మలుపులెన్ని అని. ఖమ్మంలో పంపుల దుకాణం నడిపే సాయిబు చిన్న కూలర్ పంపు ముందు పెట్టాడు. నీళ్లు ఎంత ఎత్తు ఎక్కుతాయో డబ్బా మీద రాసింది చదివి మా ఆయన దాన్ని పక్కకు తోసేశాడు.

"గీ రాసిన ఎత్తుకు పోయేసరికి నీళ్లు ఆగిపోతయ్ భాయ్. మా గొట్టం కాడ మంచిగ ధార రావాలంటే అంతకు డబల్ ఎత్తు ఎక్కేది కావాలె. రోజంత నడిచినా కాలిపోవద్దు."

"అవ్ చాచా, గట్లయితే ఇది తీస్కోండ్రి," అని సాయిబు ఇంకోటి తీసి బకెట్లో ముంచి నడిపించాడు. ధార బాగానే వచ్చింది. మా ఆయన మాత్రం బకెట్ మీదికి వంగి చెవి పెట్టాడు.

"ఏంది, చప్పుడే లేదు?"

"నీళ్లల్ల మునిగి నడుస్తది చాచా. చప్పుడు రాదు."

"ఏమయ్యా, పంపు కొంటున్నవా, రేడియో కొంటున్నవా?" అన్నాను. సాయిబు నవ్వాడు. ఈయన నవ్వలేదు. గనిలో పంపు చప్పుడు ఆగిందంటే నీళ్లు పెరుగుతున్నట్టే. కునుకు తీసినా ఆయన చెవి మాత్రం పంపు మీదే ఉండేదట. అయినా లెక్కకు సరిపోయింది అదే, అదే కొన్నాం.

పాలకూర అరచేయంత ఆకులు వేసింది. ఆయన దగ్గుకుంటూ మాటిమాటికీ మెట్లెక్కి, తొట్టిలో చెయ్యి పెట్టి చూసి వచ్చేవాడు. ఆదివారం పొద్దున కోద్దామనుకున్నాం. శుక్రవారం ఎండ నిప్పులు చెరిగింది. నేను బజార్లో బట్టలు కుట్టే షాపుకు పోయాను. ఆయన ఆయాసం ఎక్కువై మెట్లెక్కలేక, కింద గదిలో కూలర్ వేసుకుని పడుకున్నాడు.

సాయంత్రం వచ్చి చూద్దును కదా, మొక్కలన్నీ ఉడకబెట్టినట్టు వాలిపోయి ఉన్నాయి. తెగిన వేర్లు పోయి పంపు నోటికి అడ్డం పడ్డాయి. గొట్టాల్లో చుక్క నీళ్లు లేవు.

"పొద్దంత ఏం చేసినవయ్యా?" అని అరిచాను.

"పంపు నడుస్తనే ఉండె గదనే! నాకు ఇనబడ్డది."

గదిలో కూలర్ బుర్రుమని తిరుగుతూనే ఉంది. నేను దాని వైపు చూశాను. ఆయనా చూశాడు. నిద్రమత్తులో ఆ చప్పుడు విని, పంపు నడుస్తోందని నిశ్చింతగా పడుకున్నాడు నా పిచ్చి మారాజు.

"పోనీలే, మళ్ల పెడ్దాం. బజార్ల ఒక కట్ట కొంట, గదే తీస్కపో. ఎవలకు ఎర్క?"

"దేవునికి ఎర్క లేదా?" అని గోడ వైపు తిరిగాడు. ఆ వీపు చూసి నాకు తెలిసిపోయింది, ఇక ఈ మనిషి లేవడు. పొయ్యి దగ్గర కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

ఆదివారం ఎంత పిలిచినా పలకలేదు. ఒక్కదాన్నే పోయాను. చర్చి గేటు దగ్గర సంఘ పెద్ద ఎదురొచ్చాడు. మా ఆయనతో ఏళ్ల తరబడి ఒకే షిఫ్టులో గని దిగినవాడు.

"బావ రాలేదా చెల్లె?"

"డ్యూటీకి పోయిండన్నా," అన్నాను.

మా ఆయనను గని నుంచి ఎప్పుడో ఇంటికి పంపేశారని ఆ పెద్దకు తెలియంది కాదు.

"అవ్ చెల్లె," అని తల దించుకున్నాడు.