గోడకు మేకు కొట్టని ఇల్లు

2023 వానాకాలం చివర. కోరుట్ల పాత ఊళ్లో, ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడ్డట్టుండే ఒక గల్లీ. అక్కడికి నన్ను పిలిచింది బాత్రూంలో నల్లా పట్టుకుంటే జుమ్మంటోందని.

నా పేరు శ్రీకాంత్. ప్రైవేటు ఎలక్ట్రీషియన్ని. స్తంభం నుంచి మీటరు దాకా కరెంటు ప్రభుత్వానిది, మీటరు దాటాక మీదీ నాదీ. మా నాయన తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నేను నిచ్చెనెక్కి ఫ్యాన్లు బిగిస్తాను. వంశం మెల్లమెల్లగా కిందికి దిగుతోందని మా అమ్మ బాధ. జనం ఈ పనిలో చాలా సాహసం ఉంటుందనుకుంటారు. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఫ్యాన్ తిరగడం లేదనే. వెళ్లి స్విచ్చి వేస్తే తిరుగుతుంది. వాళ్లు నన్ను, నేను వాళ్లను కాసేపు చూసుకుంటాం. చాయ తాగి వస్తాను.

ఈ ఇల్లు గంగాధర్‌ది. కొన్నేళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చి ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. ఇంట్లో అతని తల్లి లచ్చవ్వ, భార్య మమత. మమత వరండాలో గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. అయిదో నెల. నల్లా సంగతి ఏంటని అడిగితే చీమలు కుట్టినట్టు అవుతుందని చెప్పింది.

"ఆమెకు నేను చెయ్యి పట్టినా గట్లనే అయితది తమ్మీ" అన్నాడు గంగాధర్.

"నువ్వు పట్టుకుంటే ఏమైతలేదు. గదే నా బాధ" అంది మమత, చేతిలోని ఆకు మీంచి కళ్లు తీయకుండా.

నాకు ఆ ఇల్లు నచ్చింది. నేను వేయాల్సిన జోకులు వాళ్లే వేసుకుంటున్నారు.

బాత్రూంలో టెస్టర్ పెట్టి చూశాను. టెస్టర్ అంటే కరెంటు ఉన్నచోట వెలిగే చిన్న స్క్రూడ్రైవర్. దాన్ని నల్లాకు ఆనిస్తే వెలిగింది. నల్లాకు వెలగకూడదు. పైన గీజర్ ఉంది, దాని నుంచి ఇనుప పైపు నల్లాకు వస్తోంది. గోడ లోపలి వైర్ల పైపులో నీళ్లు దిగి, వైరు తోలు కుళ్లి, కరెంటు గీజర్ ఒంట్లోకి కారుతోంది. అలా దారి తప్పిన కరెంటు మన ఒంట్లోంచి పోకుండా తీగలోంచి భూమిలోకి పోవడానికి వేసే దారిని ఎర్తింగ్ అంటారు. ప్లగ్గులో పైనుండే పెద్ద రంధ్రం దానిదే. గంగాధర్ ఇంట్లో ఆ రంధ్రం వెనక ఏమీ లేదు. అందానికి ఉంది.

చేయాల్సిన పని చెప్పాను. బాత్రూం గోడకు గాడి కొట్టి, కుళ్లిన లైను తీసేసి, కొత్తది లాగాలి. ఇంటి వెనక ఎర్తింగ్ గుంత తవ్వాలి. మెయిన్ స్విచ్చి పక్కన గోడకు డబ్బా బిగించి ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి పెట్టాలి. అది చాలా అనుమానం మనిషి. పోయిన కరెంటంతా తిరిగి రాలేదని తెలిస్తే చాలు, మనిషి అరిచేలోపే లైను ఆపేస్తుంది. ప్రతి ఇంట్లో అలాంటిది ఒకటి ఉండాలి.

గంగాధర్ మొహంలో నవ్వు పోయింది. "డెలివరీ అయినంక చూద్దాం తమ్మీ" అన్నాడు.

మా వైపు ఇది కొత్త కాదు. ఆడమనిషి కడుపుతో ఉంటే ఆ ఇంటి గోడ కొట్టరు, గుంత తవ్వరు, మేకు కూడా దిగనివ్వరు. కొట్టిన దెబ్బ లోపలి బిడ్డకు తగులుతుందంటారు. అందుకే కోరుట్లలో పెళ్లిళ్ల సీజన్లో నా చేతినిండా పని ఉంటుంది, పెళ్లిళ్లయిన కొన్నాళ్లకు అదే ఇళ్లలో పని ఆగిపోతుంది.

"అన్నా, బిడ్డ గోడల లేదు కదా" అన్నాను.

అతను నవ్వలేదు. ఆటో తాళం తీసుకుని గల్లీలోకి వెళ్లిపోయాడు.

అతను పోయాక లచ్చవ్వ గడప మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. అప్పుడు ఇంట్లో బాత్రూం లేదు. గంగాధర్ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. మమత మొదటిసారి కడుపుతో ఉంది. వానలో ఇంటి వెనక తడికల చాటుకు పోయి నీళ్లు పోసుకుంటోందని, జారి పడుతుందేమోనని, తనే సుత్తె పట్టి వెనక గోడ పగలగొట్టి ఈ బాత్రూం కట్టాడు. లైను కూడా తనే లాగాడు. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు. ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. గల్లీ పెద్దలు చెప్పిన కారణం మాత్రం అందరికీ గుర్తుంది.

"వద్దురా అని నేనే మొత్తుకున్న. ఇన్లేదు" అంది లచ్చవ్వ. "అప్పటి సంది వాడు సుత్తె ముట్టలే."

నా దగ్గరున్న జోకులు ఆ రోజుకు అయిపోయాయి.

చేయగలిగింది చేశాను. గీజర్‌కు పోయే లైను కత్తిరించి, కొసలకు టేపు చుట్టి, బోర్డు లోపలికి తోసి మూశాను. మళ్లీ టెస్టర్ పెడితే నల్లా మామూలు నల్లాలాగే ఉంది. ఆర్‌సీసీబీ ఒక్కటైనా పెట్టిద్దామని సాయంత్రం గంగాధర్‌కు ఫోన్ చేశాను. దానికి గోడకు నాలుగు స్క్రూలు చాలు. వద్దన్నాడు. మేకు పడకుండా పని చేయాలంటే నా దగ్గరున్నది గమ్ము ఒక్కటే, తడి గోడకు అది రెండు పూటలు నిలవదు. గోడ బాగుచేసేదాకా గీజర్ జోలికి పోవద్దని మరీ మరీ చెప్పాను. పోనని మాటిచ్చాడు.

అంతకుముందు, ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు మరో పని చేశాను. మమత రోజంతా కూర్చునే చోటికి నాలుగడుగుల దూరంలోనే మెయిన్ ఉంది. పాతకాలపు ఇనుప హ్యాండిల్. ఎవరికన్నా కరెంటు కొడితే మనిషిని పట్టుకోవద్దని, ముందు ఇది కిందికి గుంజాలని చెప్పి, ఆమె చేత గుంజించాను. బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులూ పెట్టి, కాలు గోడకు తన్నిపట్టి గుంజింది. అప్పుడే బీడీల ఆకు తెచ్చి పడేసి పోదామని తిరిగొచ్చిన గంగాధర్ అది చూసి, "ఏం తమ్మీ, నా పెండ్లాన్ని లైన్‌మన్ చేస్తున్నవా" అన్నాడు. మళ్లీ మామూలు మనిషయ్యాడని సంతోషపడ్డాను.

దసరా ముందు జగిత్యాల్లో ఒక షాపు వైరింగ్ చేస్తుంటే ఆటో ఆపి పలకరించాడు. ముందు అనుకున్నది వేరు. కాన్పుకు మమత తల్లిగారింటికి, సిరిసిల్ల అవతల వీర్నపల్లికి పోతుంది, ఆమె లేనప్పుడు పని చేయిస్తానని ఆ సాయంత్రం ఫోన్లో నాతో అన్నాడు. ఇప్పుడు డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. పోయినసారి అట్లా అయింది కాబట్టి జగిత్యాల ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండమంది.

"గోడ సంగతి ఏం జేస్తవ్ మరి?" అని అడిగాను.

"ఇంకెన్ని రోజులు తమ్మీ. పిల్లో పిల్లగాడో బయట పడనీ. అప్పుడు ఇల్లంత కూలగొట్టుకో, నేనే తట్ట మోస్త."

వాదించి చూశాను. నేను వైర్ల గురించి మాట్లాడుతున్నాను, అతను చచ్చిపోయిన బిడ్డ గురించి వింటున్నాడు. ఇద్దరం ఒకే గోడ గురించి మాట్లాడుతున్నామని అనుకోవడం తప్ప చేసిందేమీ లేదు.

జనవరిలో చలి గట్టిగా పడింది. మమతకు తొమ్మిదో నెల. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి, బకెట్టు బాత్రూం దాకా మోసుకుపోతోంది. నడుము నొప్పి. లచ్చవ్వకు మోకాళ్లు. గంగాధర్ పొద్దున్నే ఆటో తీసుకుని పోవాలి. ఒక సాయంత్రం అతను బోర్డు విప్పి, నేను టేపు చుట్టిన కొసలు బయటికి లాగి గీజర్‌కు కలిపాడు. సుత్తె అక్కర్లేదు, మేకు అక్కర్లేదు, గోడకు ఏ దెబ్బా తగలదు. అతనికి అది తప్పు అనిపించలేదు. భార్య వద్దంటే ఒక మాట అన్నాడట: "పొద్దుగాల ముందు నేను పోసుకొని చూస్త. నాకేం గాకుంటే ఇగ నువ్వు పోసుకో."

మర్నాడు పొద్దున ఫోన్ చేసింది మమతే. ఏడవడం లేదు. "తమ్మీ, మెయిన్ గుంజిన. మీ అన్న లేస్తలేడు" అంది.

నేను వెళ్లేసరికి పక్కింటివాళ్లు అతన్ని ఆటోలో, అతని ఆటోలోనే, తీసుకుపోయారు. లాభం లేకపోయింది. లోపల ఏదో పడిన చప్పుడు వినగానే ఆమె బాత్రూంకు పోలేదు, మెయిన్ దగ్గరికి పోయింది. ఆ పొట్టతో, కాలు గోడకు తన్నిపట్టి గుంజింది. తర్వాతే తలుపు తోసి భర్తను ముట్టుకుంది. ముందే ముట్టుకుని ఉంటే ఆ ఇంటి నుంచి ఇద్దరు పోయేవారు. ముగ్గురు అనాలి.

ఊరు ఊరికే ఉండదు. వైరింగ్ ఎవడు చేసిండు అని ఎవరో అన్నారు. తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను నోరు తెరిచేలోపే మమత చెప్పింది, శ్రీకాంత్ లైను తీసేసి పోయిండు, ఈయననే మల్ల కలుపుకున్నడు అని. తలలు మళ్లీ అటు తిరిగాయి. అప్పుడు పెద్దమనుషులకు అసలైన చిక్కు వచ్చింది. ఈసారి గోడ కొట్టలేదు, గుంత తవ్వలేదు. మరి ఇంత ఘోరం ఎట్లా జరిగింది? అంతా ఆలోచనలో పడ్డారు. చివరికి ఒకాయన వరండా అంతా కలియజూసి, కొత్త సంవత్సరం క్యాలెండర్ తగిలించిన మేకు కనిపెట్టాడు. అది ఎప్పటి పాత మేకో, క్యాలెండర్ మాత్రమే కొత్తదో ఎవరూ అడగలేదు. కారణం దొరికింది. అందరూ కొంచెం కుదుటపడ్డారు. నేను లేచి బయటికి వచ్చాను. నాకు ప్రతిదానికీ నవ్వొచ్చే రోగం ఉంది. ఆ రోజు రాలేదు.

దినాలు అయ్యాక మమత మళ్లీ ఫోన్ చేసింది. పనిముట్లు తీసుకుని రమ్మంది. నేను వెళ్లేసరికి లచ్చవ్వ బాత్రూం తలుపుకు అడ్డంగా కూర్చుని ఉంది. ఒక మనిషి పోయిండు, ఉన్న ఒక్క నలుసును కూడా పోగొట్టుకోమంటావా అని కోడలిని అడుగుతోంది. గొంతులో కోపం లేదు. భయం తప్ప ఏమీ లేదు. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

మమత గోడ పట్టుకుని నిలబడే మాట్లాడింది.

"పోయినసారి గోడ కొడితే బిడ్డ పోయిందన్నరు. ఈసారి గోడ కొట్టలే, మనిషే పోయిండు. ఇగ గోడకేం తెల్సు అత్తమ్మా. రేపు పుట్టినదానికి నీళ్లు పొయ్యాలె. గీ బాత్రూంల నువ్వు పోస్తవా, నేను పొయ్యాల్నా?"

నేను సంచి కింద పెట్టలేదు, వెనక్కీ తిరగలేదు. చివరికి లచ్చవ్వ లేచి, కోడలిని వరండాలో కూర్చోబెట్టి, తను పక్కన చేరి, ఆమె పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. నా వైపు చూడకుండా, మెల్లగా కొట్టమంది.

ఒక దెబ్బ కొట్టి ఆగాను. లచ్చవ్వ కళ్లు మూసుకుని ఉంది. కాసేపటికి, "కదిలిండు. కొట్టు కొడుకా" అంది. ఇంకో దెబ్బ. మళ్లీ ఆగాను. మళ్లీ ఆమె చెయ్యి వెతికింది. "కదిలిండు. కొట్టు." పూటలో అయ్యే గాడి మూడు రోజులు కొట్టాను. మధ్యలో మమత ఒకసారి నిద్రపోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు ముసలామె.

ఎర్తింగ్ గుంత తవ్వాం, ఆర్‌సీసీబీ బిగించాం. జగిత్యాల్లో మమతకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ కదులుతున్న సంగతి లచ్చవ్వ చేతికి తెలిసింది గాని, పిల్లనో పిల్లగాడో మాత్రం తెలియలేదు.

ఈ కేసు నాకు నేర్పినవి రెండు. ఒకటి, మెయిన్ ఎక్కడుందో ఇంటి యజమానికి కాదు, ఇంట్లో ఉండే మనిషికి చూపించాలి, చూపించి ఊరుకోకుండా చేత్తో గుంజించాలి. రెండోది చెప్పడం కొంచెం కష్టం. డెలివరీ అయినంక చూద్దాం అనే ఇంట్లో నేనిప్పుడు వైర్ల గురించి మొదలుపెట్టను. భయం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి, చెప్పేదాకా వింటాను. ఒక్కోసారి రెండు చాయలు పడతాయి. తర్వాత ఆ ఇంటి పెద్దామెను కోడలి పక్కన కూర్చోమంటాను. పొట్ట మీద చెయ్యి పెట్టమంటాను. ఒక్క దెబ్బ కొట్టి ఆగుతాను. ఆమె కొట్టు అనేదాకా సుత్తె ఎత్తను. పని చాలా ఆలస్యమవుతుంది, పక్క ఇంటి ఫ్యాన్లు ఎదురుచూస్తాయి. ఇప్పటిదాకా ఎవరూ మధ్యలో ఆపమనలేదు.