మామగారూ, దయచేయండి

బస్టాండు పక్క సందులో, మెట్ల కింది ఇరుకులో జిప్పు మాస్టారి దుకాణం ఉంది. చెడిపోయిన జిప్పులు బాగుచేయడం ఆయన పని. బడిపిల్లల సంచీ మొదలు పెళ్ళికొడుకు సూట్‌కేసు దాకా, నోరు మూసుకోనని మొండికేసిన వస్తువేదైనా చివరికి ఆయన దగ్గరికే చేరుతుంది. కొవ్వొత్తి ముక్క రుద్ది, పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కి, "ఇంక నోరెత్తదు, తీసుకెళ్ళండి" అంటారు. ఇన్నిటి నోళ్ళు మూయించిన మనిషికి రోడ్డు మీద కుంటుతున్న కుక్క కనబడితే మాత్రం కళ్ళు మూసుకోవడం చేతకాదు. ఎవరూ తీసుకెళ్ళని పాత సూట్‌కేసు ఒకటి ఖాళీ చేసి, గాలాడేందుకు జిప్పు జానెడు తెరిచి, అందులో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చేస్తారు.

ఆ ఇల్లు అద్దెది. కింద వాటాలో ఓనరమ్మ ఒక్కరే ఉంటారు. మాస్టారు ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలుస్తారు. ఇల్లిచ్చిన రోజే పిన్నిగారు వేలు చూపించి మరీ చెప్పారు.

"మీ సంగతి విన్నాను. ఇంట్లో జంతువన్నది కనబడిందా, ఖాళీ చేయాల్సిందే. చీమల్ని కూడా చూసీ చూడనట్టు వదలను."

మాస్టారు తలూపారు. అప్పటికే సూట్‌కేసులో తోక కదులుతోంది.

ఇంతకు ముందు అద్దెకున్న ఇళ్ళన్నీ ఇదే కారణంగా పోయాయి. ఇదీ పోతే ఈ ఊళ్ళో ఇంక వాళ్ళకు ఇల్లిచ్చే నాథుడు లేడు. మొగుడూ పెళ్ళాలు ఎక్కడో ఒకచోట తలదాచుకోవచ్చు. సూట్‌కేసులో వచ్చిన మూడు కాళ్ళ ముసలి కుక్కకు మాత్రం మళ్ళీ రోడ్డే గతి. అది తలుచుకుంటే మాస్టారికి ముద్ద దిగేది కాదు.

ఉపాయం చెప్పింది భార్య. ఆవిడ ఉద్యోగం ఒక క్లినిక్‌లో, రోగులను వరసగా లోపలికి పిలవడం. మర్యాద తప్పకుండా పిలవడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

"గోడలు పలచన. మనం టామీ అనీ టైగరనీ పిలిస్తే కిందకి వినిపిస్తుంది. చుట్టాల్ని పిలిచినట్టు పిలుద్దాం. ఎవరికి అనుమానం వస్తుంది?"

అలా మూడు కాళ్ళ కుక్క మాస్టారికి మామగారయింది. భార్య ఊరుకుంటుందా? మురిక్కాలవలో దొరికిన ఒంటికన్ను బాతుకు ఆడపడుచు హోదా ఇచ్చి, వదినగారూ అని పిలవసాగింది. ఒకటి మీవైపు, ఒకటి మావైపు, లెక్క సరిపోయింది. పేరు పెట్టాక మర్యాద ఇవ్వక తప్పదు కదా. మామగారిని "రా" అనలేరు. "దయచేయండి" అనాలి. కొన్నాళ్ళకు మామగారికి ఆ మాట తప్ప ఇంకో మాట అర్థం కాకుండా పోయింది. ఎవరైనా "ఛీ, పో" అంటే, ఎవర్నో అంటున్నారని పక్కకు చూసేవారు.

ఇక మూడోది పిల్లి. బాగా లావు. పొద్దున్నే గదులన్నీ తిరిగి, మూలమూలా వాసన చూసి, ఏదీ నచ్చనట్టు మొహం పెట్టి అటకెక్కేది. అచ్చం కింది పిన్నిగారి వాలకం. భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయారు. ఆ పేరే ఖాయమైంది. అయితే గట్టిగా పిలిచే ధైర్యం ఎవరికుంది? చేపముక్క పెట్టేటప్పుడు గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు "పిన్నిగారూ... పిన్నిగారూ..." అనేవారు.

కింద వాటాలో చెవులు పాముచెవులు. పై నుంచి పడే మాటలన్నీ అసలు పిన్నిగారు ఏరుకుంటూ ఉండేవారు.

"మామగారూ, సోఫా కొరక్కండి. నిన్ననేగా కొరికారు."

పాపం, పెద్దాయనకు మతి చలించింది కాబోలనుకున్నారు.

"వదినగారు పొద్దుట్నుంచీ బాత్‌రూమ్ వదలడం లేదండీ!"

ఈ ఆడపడుచులంతా ఇంతేననుకున్నారు. మొరుగుడు వినిపించి అడిగితే మామగారి దగ్గు అన్నారు. క్వాక్ క్వాక్‌మంటే వదినగారి నవ్వన్నారు. ఒకరోజు మెట్లెక్కుతూ మాస్టారు భార్యతో అన్న మాట మాత్రం పిన్నిగారి గుండె ఆపినంత పనిచేసింది.

"మామగారికి ఆపరేషన్ చేయించేశాను. డాక్టరు గ్యారంటీ ఇచ్చాడు. ఇంక వీధిలో ఆడవాళ్ళ వెంట పడరట."

ఈ వయసులోనా అని పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. ఆ వెంటనే మాస్టారి మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. అలాంటి మామను ఇంట్లో పెట్టుకుని, పల్లెత్తు మాట అనకుండా, దయచేయండి అంటూ సాకే అల్లుడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు? వీధివీధంతా చాటింపేశారు. ఆవిడ సొంత అల్లుడు ఫోనులో హలో అని కూడా అనడు, నేరుగా విషయానికి వస్తాడు. ఆ బాధ కొంత ఉంది.

గౌరవం ముదిరి, ఒక ఆదివారం పొద్దున ఆపిల్ పండ్లు పట్టుకుని పైకే వచ్చేశారు.

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. భార్య బాతును బాత్‌రూమ్‌లోకి తోసి గొళ్ళెం పెట్టింది. మాస్టారు కుక్కను లోపలి గదిలోకి పంపి కర్టెన్ లాగారు.

"మీ మామగారిని చూసిపోదామని వచ్చాను."

"ఊరెళ్ళారండీ."

"ఎప్పుడు? ఇప్పుడేగా దగ్గారు?"

"అంటే... వెళ్ళడానికి పడుకున్నారు."

పిన్నిగారు అలాంటివాటికి లొంగే మనిషి కాదు. కర్టెన్ వైపు తిరిగి, ఎంతో మన్ననగా పిలిచారు.

"అన్నయ్యగారూ! మీకోసం పండ్లు తెచ్చాను. ఒక్కసారి ఇలా దయచేయండి."

అంతే. కర్టెన్ కదిలింది. మామగారు మూడు కాళ్ళ మీద హుందాగా వచ్చి, పిన్నిగారి ముందు కూర్చుని, ఆవిడ చేతిలో గడ్డం పెట్టారు. నేర్పిన మర్యాదే కొంప ముంచింది.

పిన్నిగారి చేతిలోంచి ఆపిల్ జారింది. అదే అదనుగా బాత్‌రూమ్‌లోంచి క్వాక్ క్వాక్‌మని నవ్వు వినిపించింది.

"అయితే ఆవిడ వదినగారన్నమాట" అన్నారు పిన్నిగారు, పళ్ళ బిగువున.

మాస్టారికి ఏడుపొచ్చేసింది. సామాన్లు రోడ్డు మీద, వాటి మధ్య ఎటు పోవాలో తెలియని మామగారు, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి. చేతులు జోడించి, బతిమాలుతూ గొణిగారు.

"పిన్నిగారూ... పిన్నిగారూ..."

చేపముక్క వేళ పిలిచే గొంతు అచ్చం అదే. అటక మీంచి దబ్బుమని దూకిన పిల్లి, గది మధ్యకు నడిచొచ్చి, పిన్నిగారిని కిందినుంచి పైదాకా ఎగాదిగా చూసింది.

"ఇదెవరు?"

భార్య ఫ్యాను రెక్కల వైపు చూడసాగింది.

"దీని పేరేంటని అడుగుతున్నా."

"పిన్నిగారండీ."

"నన్ను పిలవమనలేదు. దీని పేరు చెప్పమన్నాను."

"అదే చెప్పానండీ."

పిన్నిగారూ పిన్నిగారూ చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ చూపు తిప్పలేదు.

"ఖాళీ చేయాల్సిందే" అన్నారు చివరికి మాట్లాడగలిగిన పిన్నిగారు. మాస్టారు కూలబడి మామగారి మెడ చుట్టూ చేతులు వేసేశారు. "సాయంత్రానికల్లా ఈవిడ అటక ఖాళీ చేసి కింద వాటాలోకి రావాలి. నా పేరు పెట్టుకుని అటకల మీద పడుకుంటే పరువెవరిది పోయేది? నాదే కదా. మిగతావాళ్ళ సంగతంటారా, జంతువులు వద్దన్నాను గానీ చుట్టాలు వద్దనలేదు."

మాస్టారు నిజంగానే ఏడ్చేశారు. మామగారు ఆయన చెంప నాకారు, తర్వాత ఆపిల్ తిన్నారు.

మర్నాడు పొద్దున్నే కింద నుంచి కేక వినిపించింది.

"మాస్టారూ! తినడం, పడుకోవడం తప్ప ఇంకో పని లేదా? కర్టెన్లన్నీ చింపేశారు, సిగ్గులేదూ? లేవండి!"

మాస్టారు బ్రష్ నోట్లో ఉండగానే మెట్లు దిగి పరుగెత్తారు. "నేనేం చేశానండీ పిన్నిగారూ?"

"మిమ్మల్ని కాదు" అన్నారు పిన్నిగారు, ఒళ్ళో ఉన్న లావుపాటి పిల్లిని నిమురుతూ. "ఈవిడకి పేరు మార్చాను."

అప్పట్నుంచి కింద "మాస్టారూ" అన్న పిలుపు వినిపించినప్పుడల్లా ఇద్దరూ వెళ్తారు. పాలు మాత్రం ఒకరికే.