ఎడమ పక్క దారి

మా డెల్టాలో నేల ఎంత చదునంటే, నీళ్ళకు కూడా ఎటు పోవాలో ఇంజినీరు చెప్పాలి. మా బావగారు, అంటే అక్క భర్త, ఉద్యోగమంతా ఆ పనే చేశారు. ఆయన వాటాకు మురుగు కాలువలు వచ్చాయి. పంట కాలువ తవ్వించినవాడికి ఊళ్ళో దండ వేస్తారు, మురుగు కాలువ తవ్వించినవాడికి కాఫీ కూడా ఇవ్వరని తనే చెప్పుకుని నవ్వేవారు.

ఆయన రిటైరయ్యాక, గన్నవరం ఎయిర్‌పోర్టు దాటి కొంత దూరంలో విల్లాల వెంచర్ వేస్తున్న ఒకాయనకు గోల్ఫ్ కోర్సు మీద మనసు పడింది. ఆట మీద కాదు. బ్రోషర్లో ఆ మాట ఉంటే ప్లాట్లు త్వరగా పోతాయని ఎవరో చెప్పారు. బావగారు ఒకప్పుడు డిప్యుటేషన్ మీద ఉత్తరాదిలో ఉండగా అక్కడి క్లబ్బులో ఆ ఆట నేర్చుకున్నారు. నీళ్ళు తెలుసు, గోల్ఫ్ తెలుసు, ఫీజు అడగరు. కోర్సు గీసి వేయించడానికి మా వైపు అంతకన్నా అర్హత ఉన్నవాళ్ళు దొరకలేదు.

తోడుగా నన్ను తీసుకెళ్ళేవారు. నేను విజయవాడ కోచింగ్ కాలేజీల్లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికినవాణ్ణి. గాల్లోకి వెళ్ళిన బంతి ఎంత ఎత్తు లేస్తుందో, ఎక్కడ పడుతుందో ఏళ్ళ తరబడి బోర్డు మీద నిరూపించాను. నేను కొట్టిన మొదటి బంతి లేవలేదు. రెండోది లేచింది గాని, నేను చూస్తున్న వైపు కాదు.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఒక చోట నుంచి బంతిని క్లబ్ అనే కర్రతో కొట్టుకుంటూ వెళ్ళి, దూరంగా జెండా పాతిన గుంటలో వేయాలి. అలాంటి గుంటలు వరసగా ఉన్న మైదానమే కోర్సు. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. మిగతాదంతా నడక, అబద్ధాలు.

కోర్సు బాగుందో లేదో ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. పెళ్ళి భోజనంలా ఉండాలన్నారు. బాగా తినేవాడికి విసుగు లేకుండా వడ్డించాలి, అరగనివాడికి మజ్జిగన్నం దొరకాలి, ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని ఇద్దరూ తృప్తిగా లేవాలి. అడుగడుగునా నీళ్ళూ ఇసకా పెట్టి మనిషిని ఏడిపించడం పెద్ద విద్య కాదట. అలాగని ఎటు కొట్టినా ఒకటే అయితే, అది ఆట కాదు, వాకింగ్.

ఆయన మాట నాకు అయిదో గుంట దగ్గర అర్థమైంది. అక్కడ పొలాల కాలం నాటి మురుగు కాలువ ఒకటి ఏటవాలుగా అడ్డం పోయేది. దాన్ని ఆయన కదపనివ్వలేదు. కుడి పక్క నుంచి కొడితే నీళ్ళు వెడల్పు. దాటించగలిగితే బంతి నేరుగా జెండా దగ్గర పడుతుంది. ఎడమకు వెళితే కాలువ సన్నబడి ఒక తూములోంచి పోతుంది. దాని మీదుగా బంతిని దొర్లించుకుంటూ పోవచ్చు. ఒకటి రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి, అంతే. ఆ పక్క నేల కంటికి కనబడనంత వాలు. నెమ్మదిగా వదిలిన బంతి కొంత దూరం పోయి, ఏదో గుర్తొచ్చినట్టు తనంతట తనే జెండా వైపు తిరిగేది. నా జీవితంలో నేను కొట్టింది ఏదైనా అనుకున్న చోటికి వెళ్ళిందంటే అది అక్కడే.

"ఏవయ్యా బావమరిదీ, ఇవాళన్నా కుడి పక్క నించి కొడతావా?" అనేవారు.

"నాకు ఈత రాదండీ బావగారూ."

ఆ దారికి పిరికివాళ్ళ బైపాస్ అని నేనే పేరు పెట్టాను. ఆయన మాత్రం ఎప్పుడూ కుడి పక్క నుంచే కొట్టేవారు. బంతి నీళ్ళ మీదుగా పోతుంటే క్లబ్ భుజాన పెట్టుకుని, తను తవ్విన కాలువలో మొదటిసారి నీళ్ళు పారుతుంటే చూసినట్టు చూసేవారు.

తరువాత ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, కాలు కొంత తిరిగొచ్చింది, ఎడమ చెయ్యి రాలేదు. గుణదలలో వాళ్ళింటి వరండాలో కూర్చుని రబ్బరు బంతిని నొక్కుతూ ఉండేవారు. నొక్కమన్నది డాక్టరు, ఎందుకు నొక్కుతున్నారో తెలిసింది అక్కకూ నాకూ. ఒక్క చేత్తోనైనా ఆ అయిదో గుంట ఆడాలి. మొత్తం కోర్సు అక్కర్లేదు, అదొక్కటి చాలు. కుడి పక్క ఇక కుదరదని ఆయనకు తెలుసు.

"నీ బైపాస్‌లోనే పోదాంలేవయ్యా" అన్నారు. అంతకు మించి ఆ చేతి గురించి ఆయన మాట్లాడగా నేను వినలేదు.

వేసవిలో ఒక ఉదయం కారులో తీసుకెళ్ళాను. గేటు దగ్గర వెంచర్ యజమాని ఎదురొచ్చి, ఆయన చెయ్యి చూసి నిజంగానే బాధపడ్డాడు. ఆ తరువాత సంతోషంగా చెప్పాడు.

"వాస్తు ప్రకారం అంతా సెట్ చేయించామండీ. నైరుతి మూల మెరక చేసి ప్లాట్లు వేశాం, ఈశాన్యంలో చెరువు పెట్టాం. ఇప్పుడు జనం వచ్చి అడుగుతున్నారండీ."

బావగారు "మంచిదండీ" అన్నారు.

ఆ యజమానిని తప్పు పట్టలేను. పల్లం కనిపిస్తే మట్టి తోలడం మా డెల్టా మనిషికి ఊపిరి లాంటిది, దానికి వాస్తు కూడా తోడైతే ఆపేవాడెవడు? మురుగు కాలువ పూడిపోయింది. తూము లేదు. ఎడమ దారంతా మెత్తటి ఎర్రమట్టి, దాని మీద తెల్ల రంగు వేసిన సరిహద్దు రాళ్ళు. జెండాకు ముందు, ఈ చివర నుంచి ఆ చివర దాకా చెరువు. మధ్యలో ఫౌంటెన్. జెండా చేరాలంటే అందరూ నీళ్ళు దాటించాల్సిందే. కొట్టగలవాడికి ఒకటే దెబ్బ, ఆలోచించడానికి ఏమీ లేదు. కొట్టలేనివాడికి అసలు చోటే లేదు. చూడటానికి మాత్రం కల్యాణ మండపంలా ఉంది.

బావగారు కుడిచేత్తో క్లబ్ పట్టుకుని నిలబడ్డారు. ఎడమ చెయ్యి దాని మీద ఆన్చుకున్నారు, అలవాటు కొద్దీ. మొదటి బంతి చెరువు ఒడ్డున దిగబడింది. తరువాతివి నీళ్ళలో పడ్డాయి. నేను కొట్టి పెడతానన్నాను.

"నువ్వు కొడితే చెరువుకేం గాదు. ఎయిర్‌పోర్టు వాళ్ళకి ఫోన్ చెయ్యాలి" అన్నారు.

ఇద్దరం నవ్వాం. తరువాత ఆయన ఆ ఎర్రమట్టి వైపే చాలాసేపు చూశారు.

"ఆ దారి ఎవరి కోసం పెట్టాననుకున్నావు?"

"నాకోసమేగా."

"నేనూ నీకోసమే అనుకున్నానయ్యా."

క్లబ్ నా చేతికిచ్చి కారు వైపు నడిచారు. ఎక్కుతూ, వానలు పడనివ్వమన్నారు. నీళ్ళకు వాస్తు తెలియదన్నారు.

వానలు పడకముందే ఆయనకు మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఈసారి మాట కూడా తీసుకుపోయింది, కొద్ది రోజులకు మనిషినీ.

ముసురు పట్టిన వారంలో వెంచర్ యజమాని ఫోన్ చేశాడు. ప్లాట్లలో నీళ్ళు నిలబడ్డాయట, ఎటూ కదలటం లేదట. "బావగారిని ఒకసారి తీసుకొస్తారా అండీ?" అన్నాడు. చెప్పాను. అయ్యయ్యో, నాకెవరూ చెప్పలేదండీ, అన్నాడు. నిజమే, మేమే చెప్పలేదు.

వాన తెరిపిచ్చాక బావగారి క్లబ్ తీసుకుని నేనొక్కణ్ణే వెళ్ళాను. పోసిన మట్టి కుంగింది. పాత కాలువ పోయిన దారినే, అంతే ఏటవాలుగా, సరిహద్దు రాళ్ళ మధ్య నుంచి నీటి చార ఒకటి సాగుతోంది. దాని పక్కన గట్టిగా ఉన్న చోటు చూసి బంతి పెట్టి, నెమ్మదిగా కొట్టాను. కొంత దూరం నేరుగా పోయింది. తరువాత కొంచెం, చాలా కొంచెం, జెండా వైపు తిరిగింది. చెరువు ఒడ్డు దాకా వచ్చి ఆగింది.

బంతి తీసి తుడిచి జేబులో వేసుకున్నాను. ఎక్కడికి వెళ్ళావని సాయంత్రం అక్క అడిగింది. ఊరికే తిరిగొచ్చానన్నాను. నా చెప్పులకున్న ఎర్రమట్టి వంక చూసి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.