కోటలో కనిపించిన వంకర దంతం

మా దర్శకుడితో కలిసి ఈ రోజు ఊరవతల కొండమీది పాడుబడ్డ కోటకు వెళ్లొచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

నేను సినిమాలకు సెట్లు వేస్తుంటాను. ఫిల్మ్ నగర్ ఆఫీసులో కూర్చుని దర్బారు బొమ్మ ఎన్నిసార్లు గీసిచ్చినా ‘సినిమాలా ఉంది’ అని పక్కన పడేస్తున్నాడు. అసలైనది చూస్తే గానీ నాకు బుర్ర పనిచేయదని పొద్దున్నే కారెక్కించాడు.

పైన మొండి గోడలే మిగిలాయి. ఈయన ఒక గోడను వేళ్లతో కొట్టి చూశాడు, థర్మోకోల్ కాదని తేల్చుకోవడానికి కాబోలు. కిందికి దిగి సందర్శకుల కేంద్రంలోకి వెళ్తే, గోడ నిండా ‘రాజుగారి దర్బారు’ అని పెద్ద ఫొటో. సింహాసనానికి అటూ ఇటూ ఏనుగు తలలు. ఎడమ ఏనుగు దంతం వంకర. ఆ వంకర నాకు తెలుసు, హడావుడిలో అతికించింది నేనే. వేరే దర్శకుడి పాత సినిమాకి నేను వేసిన సెట్ అది.

అక్కడి ఉద్యోగికి అదే చెప్పాను.

“ఏం మాట్లాడుతున్నరు సార్, స్కూలు పిల్లలు గిదే చూసి రాసుకపోతరు,” అన్నాడు.

ఈలోగా ఫొటో ముందు నిలబడ్డ మా దర్శకుడు నన్ను పిలిచాడు. “చూశావా, నిజమంటే ఇదీ. జన్మలో ఇలాంటిది వేశావా నువ్వు?”

చెప్పబోయి ఆగాను. చెబితే ఇదీ సినిమాలా ఉందంటాడు.

మీరైతే చెప్పేవాళ్లా? నేను మాత్రం రేపు నా సెట్‌నే మళ్లీ గీస్తున్నాను. దంతం సరిచేయమంటే ఒప్పుకోను, అది చరిత్ర.