వేరు అన్న మాట

నంద్యాల దగ్గర మందుల ఫ్యాక్టరీలో ప్రమీల చేసే ఉద్యోగమేమిటో ఎంత చెప్పినా ఆళ్లగడ్డలో ఉండే అత్త సువార్తమ్మ బుర్రకెక్కలేదు. వాడేసిన స్పిరిట్‌లో నీళ్లు కలిసిపోతాయి. ఆ రెంటినీ విడదీస్తేనే స్పిరిట్ మళ్లీ పనికొస్తుంది. ఎంత వేడి దగ్గర ఏది ఎంత ఆవిరవుతుంది, ఏది ఎంత కింద మిగులుతుంది అన్నది ప్రమీల ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టి చెప్పాలి. చిక్కేమిటంటే, ఒక దశ దాటాక ఆ రెండూ మొండికేస్తాయి. కింద ద్రవంలో ఏ పాళ్లలో ఉన్నాయో పైన ఆవిరిలోనూ అవే పాళ్లు. ఎంత మరిగించినా కలిసే పోతాయి.

వాటికున్న భాగ్యం ప్రమీలకు లేదు. షిఫ్టుల మూలంగా వారమంతా నంద్యాలలో అద్దెగది. భర్త హర్ష తల్లి దగ్గరే ఉండి ఆళ్లగడ్డలో మోటార్ల వైండింగ్ షాపు నడుపుతాడు. ఒక్కతే అన్నం పెట్టుకున్నప్పుడల్లా అతను ఎదురుగా ఉంటే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంటుంది. నంద్యాల నుంచే రోజూ బండి మీద షాపుకు వచ్చిపోవచ్చు, అదేం దేశాంతరం కాదు. కానీ ఆ మాట ఎత్తితే కొడుకును లాక్కుపోతోందని అత్త అనుకోదా? అందుకే ఎత్తలేదు.

ఆ ఆదివారం ఎప్పటిలాగే ప్రమీల ఆళ్లగడ్డ వచ్చింది. చర్చి నుంచి వచ్చి హర్ష అన్నానికి కూర్చున్నాడు. ఇంతలో ఫ్యాక్టరీ నుంచి ఫోన్. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇట్ల కలిసుంటే లాభం లేదు సార్. వేరు చేయాల్సిందే," అంది ప్రమీల.

ఆ వైపు ఇళ్లలో వేరు అన్న మాటకు ఒకటే అర్థం, వేరుకాపురం. సువార్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏందీ, వేరు పోతారా? ఊరోళ్లకు చెప్తాండావ్, నాకు చెప్పలేవా?"

హర్ష చటుక్కున తలెత్తాడు.

"అయ్యో అత్తా! స్పిరిటు, నీళ్ల సంగతి. పని మాట," అని ప్రమీల కంగారుగా నవ్వేసింది. సువార్తమ్మ కూడా నవ్వి కూర వడ్డించింది. హర్ష ఒక్కడే నవ్వలేదు.

సాయంత్రం హర్ష ప్రమీలను బండి మీద బస్టాండులో దించి, సంచి అందిస్తూ అడిగాడు.

"నిజంగా పని మాటేనా?"

"నిజంగానే. ఏం, అట్లడుగుతాండావ్?"

"ఏం లేదులే. మన సంగతే అనుకుంటి. ఆ కాసేపు బాగుండె."

ఇన్నాళ్లూ ఈ మనిషీ ఇదే కోరుకుంటూ చెప్పకుండా ఉన్నాడా! కండక్టర్ "శిరివెళ్ల, నంద్యాల" అని అరిచి రైట్ అన్నాడు. ఆమె మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"బండి తిప్పు. అత్తతో నేనే మాట్లాడతా," అంది.